నడుము నొప్పి ఉన్నవాళ్లకు బ్యాలెన్స్ ఎందుకు తప్పుతుంది?

గోదావరి_మాస్టారు (కొవ్వూరు)

అందరికీ నమస్కారం. హైస్కూల్లో లెక్కలు చెప్తాను, వయసు 48. నడుము నొప్పి కొన్నేళ్లుగా ఉన్నదే. ఎమ్మారై తీయిస్తే నడుములో ఎల్4-ఎల్5 పూసల దగ్గర డిస్క్ బల్జ్ (పూసల మధ్య మెత్త కాస్త బయటికి ఉబ్బడం) అన్నారు. నొప్పి సంగతి అలా ఉంచితే, ఈ మధ్య ఇంకో ఇబ్బంది మొదలైంది. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే చాలు, మనిషి ఒక పక్కకి ఒరిగిపోతున్నట్టుంటుంది. చెయ్యి దానంతటదే కొళాయి పట్టుకుంటుంది. ప్యాంటు వేసుకోవాలంటే గోడ ఆసరా కావాలి. బస్సులో బ్రేక్ వేసినప్పుడల్లా పక్కవాళ్ల మీద పడుతున్నాను. మొన్న పొలం వెళ్తే గట్టు మీద నడవడానికి భయమేసింది.

తల తిరగడం లేదు. కళ్లు తెరిచి మామూలు నేల మీద నడిస్తే బాగానే ఉంటాను. చూపించుకుంటే "నీరసం, బలానికి రాస్తాను" అన్నారు. నడుము నొప్పికీ, ఈ తూలడానికీ ఏమైనా సంబంధం ఉందా? ఇంకెవరికైనా ఇలా ఉందా?

తెనాలి_శ్రీను

ఉంది మాస్టారూ, నాకూ అంతే. నడుం వీకైతే మనిషే వీకు. బెల్టు కట్టండి, గట్టిగా. నేను ఉదయం కడితే రాత్రి పడుకునేటప్పుడే తీస్తాను. షాపులో రోజంతా నిలబడే పని నాది. బెల్టు లేకపోతే నిలబడలేను.

ఫిజియో_సుధ (కరీంనగర్)

మాస్టారు గారూ, సంబంధం ఉంది. కానీ మీది అదేనని చెప్పే ముందు కొన్ని అడగాలి. విడివిడిగా జవాబు చెప్పండి.

అరికాళ్లలో తిమ్మిరి, దూది మీద నడుస్తున్నట్టు అనిపించడం ఉందా? షుగర్ ఉందా? కాలు ఎత్తి వేసేటప్పుడు చెప్పు జారిపోతోందా, కాలివేళ్లు నేలకు తగులుతున్నాయా? మూత్రం, విరేచనం మీద పట్టు ఎలా ఉంది? కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారినట్టు ఉందా? ఈ ఆఖరి రెండింటిలో ఏ ఒక్కటి కొత్తగా వచ్చినా ఇక్కడ పోస్టులు చదువుతూ కూర్చోవద్దు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఇంకొకటి, ఇప్పుడు వాడుతున్న మందులు ఏమిటి? బలం మాత్రలతో సహా అన్నీ చెప్పండి.

గోదావరి_మాస్టారు (కొవ్వూరు)

సుధ గారూ, థాంక్సండి. తిమ్మిరి లేదు, షుగర్ లేదు (మార్చిలో చూపించాను). చెప్పు జారడం లేదు. మూత్రం వగైరా మామూలే. మందులంటే నొప్పి మాత్ర ఎప్పుడో ఒకటి. రాత్రిపూట "నరాల మాత్ర" ఒకటి, చాలా నెలల నుంచి. స్ట్రిప్ చూసి రాస్తున్నాను: ప్రెగాబలిన్ 75, నార్ట్రిప్టిలిన్ 10, మిథైల్‌కోబాలమిన్. అది కూడా లెక్కలోకి వస్తుందా?

మందుల_షాపు_మూర్తి

రాకపోవడమేమిటి సార్! కౌంటర్ దగ్గర పాతికేళ్ల అనుభవంతో చెప్తున్నాను, మన దగ్గర నడుము నొప్పి చీటీ వస్తే అందులో ఈ కాంబినేషన్ ఉండనే ఉంటుంది. ప్రెగాబలిన్‌కి అందరికంటే ఎక్కువ మందిలో వచ్చే సైడ్ ఎఫెక్టులు రెండే: తల తూలడం, మత్తు. నార్ట్రిప్టిలిన్‌తో పడుకుని లేచినప్పుడు బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. దీనికి తోడు కండరాలు వదులు చేసే మాత్రో, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రో కలిస్తే ఇక చెప్పక్కర్లేదు. ముసలివాళ్లు అర్ధరాత్రి బాత్‌రూముకు లేచి పడిపోయారంటే నేను ముందు అడిగేది మందుల చీటీయే.

అలాగని మీ అంతట మీరు ఆపెయ్యకండి. ప్రెగాబలిన్ చాలాకాలం వాడి ఠక్కున మానేస్తే నిద్ర పట్టక, చెమటలు, టెన్షన్, వికారం పట్టుకుంటాయి. కనీసం వారం పైన కొద్దికొద్దిగా తగ్గిస్తారు. రాసిన డాక్టర్‌నే అడగండి: "ఇది నాకు ఇంకా అవసరమా?" అని. ఆ ప్రశ్న మన దగ్గర ఎవరూ అడగరు, చీటీ మాత్రం ఏళ్ల తరబడి రిపీట్ అవుతుంది.

నైట్_డ్యూటీ_డాక్టర్

మూర్తి గారి మాటకు ఒకటి కలుపుతాను. కళ్లు మూసుకోగానే తూలడాన్ని 19వ శతాబ్దంలోనే జర్మన్ వైద్యుడు రాంబర్గ్ పరీక్షగా మార్చాడు. మాస్టారు చెప్పిన ముఖం కడుక్కునే ఇబ్బందిని మేం ఇప్పటికీ పేషెంట్లను అడుగుతాం. నిలబడడానికి మెదడు మూడు చోట్ల నుంచి సమాచారం తీసుకుంటుంది: కళ్లు, లోపలి చెవి, కండరాలు-కీళ్ల నుంచి వచ్చే స్పర్శ. కళ్లు మూస్తే మొదటిది పోతుంది. మిగతా రెండూ బాగుంటే మనిషి కొంచెం ఊగుతాడు గానీ పడబోడు. బాగా తూలితే మిగతా వాటిలో ఎక్కడో లోటుందని అర్థం.

ఆ లోటుకు నడుము ఒక్కటే కారణం కానక్కర్లేదు. బీ12 బాగా తగ్గితే వెన్నుపాములో వెనక భాగం దెబ్బతిని సరిగ్గా ఇలాగే తూలుతారు. శాకాహారులు, ఏళ్లుగా షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఇది తప్పక చూపించుకోవాలి. మాస్టారి మాత్రలోనే బీ12 ఉంది (మిథైల్‌కోబాలమిన్ అంటే అదే) కాబట్టి రక్తపరీక్షలో అంకె బాగానే కనిపించవచ్చు, అది చూసి నిశ్చింతగా ఉండలేం. ట్యూనింగ్ ఫోర్క్‌తో కాలి బొటనవేలి దగ్గర కంపనం తెలుస్తోందో లేదో చూడమనండి. రెండు నిమిషాల పని.

హోసూరు_వెంకట్

డాక్టర్ గారు చెప్పినది మా నాన్న విషయంలో మేం చూశాం. నడుము నొప్పి, నడకలో తూలుడు. చాలాకాలం నడుముకే వైద్యం, ట్రాక్షన్ (బరువులు కట్టి నడుము లాగడం), కరెంటు పెట్టడం, అన్నీ అయ్యాయి. ఒకరోజు అమ్మ గమనించింది: ఆయన చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు. కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నారు. వేరే డాక్టరుకి ఆ మాట చెప్తే నడుము వదిలేసి మెడకు ఎమ్మారై రాశారు. మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయి ఉంది. ఆపరేషన్ అయింది, నడక చాలావరకు కుదురుకుంది, చేతులు అంతంతమాత్రం.

మొదట చూసిన చోటు పేరు చెప్పను. కానీ తూలుడుతో పాటు చేతుల పట్టు కూడా తగ్గితే నడుము దగ్గరే ఆగిపోకండి.

అనుమానాల_రావు

అన్నీ బాగున్నాయి గానీ అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది. మందులు కాదు, బీ12 కాదు, మెడ కాదు అనుకుందాం. ఉత్త నడుము నొప్పి వల్ల బ్యాలెన్స్ తగ్గుతుందని ఎవరైనా కొలిచి చూశారా? లేక "నడుం వీకైతే మనిషే వీకు" లాంటి మాటేనా? (శ్రీను గారూ, ఏమనుకోకండి.)

బ్రిస్బేన్_అమ్మాయి

కొలిచారండి, చాలా ఏళ్లుగా. నేను ఇక్కడ ఫిజియోథెరపీలో మాస్టర్స్ చేస్తున్నాను, మా సబ్జెక్టే ఇది.

ఫోర్స్ ప్లేట్ అని నేలలో అమర్చిన పలక ఒకటి ఉంటుంది. మనిషి దాని మీద కదలకుండా నిలబడాలి. కదలకుండా నిలబడ్డామని మనం అనుకుంటాం, స్క్రీన్ మీద చూస్తే పాదాల కింద ఒత్తిడి పడే బిందువు పిచ్చిగీతల్లా తిరుగుతూనే ఉంటుంది. నేను మొదటిసారి ఎక్కినప్పుడు ఊపిరి పీల్చినా గీత కదలడం చూసి నవ్వొచ్చింది. ఆ గీత ఎంత పొడవు, ఎంత వేగం, ఎంత వైశాల్యం అన్నవే కొలతలు.

1991లోనే బిల్, సినాట్ అనే ఇద్దరు నడుము నొప్పి ఉన్నవాళ్లు ఎక్కువ ఊగుతున్నారని, బరువు మడమల వైపు ఎక్కువ వేస్తున్నారని రాశారు. తర్వాత బెల్జియంలో లూవెన్‌కి చెందిన బ్రూమాన్యే బృందం ఇంకో అడుగు వేసింది. కండరం మీద చిన్న వైబ్రేటర్ పెడితే ఆ కండరం సాగుతోందని మెదడు పొరబడుతుంది, మనిషి తనకు తెలియకుండానే ఒరుగుతాడు. పిక్కల మీద పెడితే వెనక్కి ఒరుగుతాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి నడుము కండరాల మీద పెడితే ముందుకు ఒరుగుతారు. నడుము నొప్పి తరచూ వచ్చేవాళ్లలో పిక్కల దగ్గర పెట్టినప్పుడు ఒరగడం ఎక్కువైంది, నడుము దగ్గర పెట్టినప్పుడు స్పందన తగ్గింది. అంటే వాళ్ల మెదడు నడుము నుంచి వచ్చే కబురును పెద్దగా పట్టించుకోవడం మానేసి, చీలమండ-పిక్కల కబురు మీదే ఆధారపడుతోంది.

గచ్చు నేల మీద దీనివల్ల పెద్ద నష్టం లేదు. మెత్తటి ఫోమ్ మీద నిలబెడితే కాళ్ల కబురు నమ్మదగ్గది కాదు, అప్పుడు నడుము వైపు మొగ్గాలి. నొప్పి ఉన్నవాళ్లు అలా మారలేకపోతున్నారు. మాస్టారు గారి పొలం గట్టు తడిమట్టి అయితే అది ఇంచుమించు ఆ ఫోమ్ లాంటిదే.

అనుమానాల_రావు

ఇది బాగుంది. కానీ ముందు ఏది? నొప్పి వచ్చి బ్యాలెన్స్ పాడైందా, బ్యాలెన్స్ తక్కువ ఉన్నవాళ్లకే నొప్పి వస్తుందా?

బ్రిస్బేన్_అమ్మాయి

రెండు వైపులా ఆధారాలు ఉన్నాయి. నొప్పి లేని ఆరోగ్యవంతుల నడుము కండరంలోకి గాఢమైన ఉప్పునీరు ఇంజెక్ట్ చేసి కాసేపు నొప్పి పుట్టించారు. చెయ్యి ఎత్తే ముందే పని మొదలుపెట్టాల్సిన పొట్ట లోపలి కండరం (ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్) అప్పుడు ఆలస్యం చేసింది. నొప్పి ఉన్నవాళ్లలో ఈ ఆలస్యాన్ని ఇక్కడ క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలోనే హాడ్జెస్, రిచర్డ్‌సన్ 1996లో చూపించారు. అంటే నొప్పే ఆ మార్పు తెస్తుంది.

ఇంకో వైపు, అమెరికాలో కాలేజీ క్రీడాకారులను ముందే పరీక్షించి తర్వాత గమనిస్తే, మొండెం కండరాలు ఆలస్యంగా స్పందించేవాళ్లకే తర్వాత నడుము గాయాలు ఎక్కువయ్యాయి (2005). కాబట్టి కొందరిలో ఆ లోటు ముందు నుంచీ ఉన్నట్టే.

నిజాయితీగా ఇంకొకటి చెప్పాలి. అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పవు. కొన్నింట్లో నొప్పి ఉన్నవాళ్లు ఎక్కువ ఊగారు, కొన్నింట్లో తేడా లేదు, కొన్నింట్లో మామూలువాళ్ల కంటే తక్కువే ఊగారు.

అనుమానాల_రావు

తక్కువ ఊగితే మంచిదే కదా! మరి గొడవేముంది?

ఫిజియో_సుధ (కరీంనగర్)

ఇక్కడే మొత్తం కథ ఉంది రావు గారూ. తక్కువ ఊగడమంటే ఎక్కువ నిలకడ అని కాదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది బిగుసుకుపోయి నిలబడతారు. పొట్ట లోపలికి పీల్చి, పిరుదులు బిగించి, ఊపిరి బిగబట్టి, మోకాళ్లు తాళం వేసినట్టు. కింద పడ్డ తాళాలు తియ్యమంటే నడుము ఒక్క ముక్కలా ఉంచి మోకాళ్ల మీద కూలబడతారు. నొప్పి వస్తుందన్న భయంతో శరీరం నేర్చుకున్న అలవాటిది. గచ్చు మీద అలా నిలబడితే ప్లేట్ మీద గీత చిన్నగా, ముద్దుగా వస్తుంది. బస్సు బ్రేక్ వేసినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. మామూలు మనిషి నడుము, తుంటి దగ్గర ఒక్క క్షణం వంగి ఆ కుదుపును మింగేస్తాడు. బిగుసుకున్న మనిషి పాతిన గుంజలా ఉన్నపళంగా ఒరిగిపోతాడు.

నొప్పి ఉన్నవాళ్లు తుంటి కదలికతో బ్యాలెన్స్ సరిచేసుకోవడం తగ్గిస్తారని 2004లో హాడ్జెస్ ఉన్న ఆ బ్రిస్బేన్ బృందమే చూపించింది. అందుకే "నడుం వీకైంది, గట్టిపరచండి" అన్న ఒక్క సలహా చాలామందికి పనిచెయ్యదు. వాళ్లకి గట్టిదనం ఇప్పటికే అవసరానికి మించి ఉంది. సమయానికి వదలడం రావడం లేదు.

తెనాలి_శ్రీను

అంటే బెల్టు తీసెయ్యమంటారు. చెప్పడం తేలికే మేడమ్. రోజుకు పన్నెండు గంటలు కౌంటర్ దగ్గర నిలబడి చూడండి.

ఫిజియో_సుధ (కరీంనగర్)

మీరు రేపే తీసి పారెయ్యాలని అనను శ్రీను గారూ. బరువు మూటలు దింపే గంటలో ఉంచుకోండి, బిల్లు రాసే గంటలో తియ్యండి, అలా మెల్లగా తగ్గించండి. కారణం తెలియని దీర్ఘకాలిక నడుము నొప్పికి బెల్టులు, ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ చికిత్స (స్కాన్ కాదు) మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబర్ మార్గదర్శకాల్లో చెప్పింది. చేయమన్నవి వ్యాయామం, జబ్బు గురించి సరైన అవగాహన, అవసరమైతే మానసికంగా సాయం, ఇలాంటివి. మా క్లినిక్కులు సగం నడిచేది ఆ మెషిన్ల మీదే, ఈ మాట రాస్తే మా వాళ్లే తిడతారు.

మిర్యాలగూడ_బిడ్డ

అక్కా, మా అమ్మ గురించి అడుగుతున్నా. నాట్ల సీజన్‌లో పొద్దున్నుంచి వంగి నాటేస్తది. మధ్యాహ్నం బువ్వకు లేచినప్పుడు నడుము ఎత్తనీకి రాదు, చేతులు తొడల మీద పెట్టుకుని మెల్లగా లేస్తది. లేచినంక ఒడ్డు ఎక్కేటప్పుడు తూలుతది. రెండుసార్లు బురదలో పడ్డది, బురద కాబట్టి దెబ్బ తగల్లేదు. ఇంటికొచ్చి కాసేపు ఉంటే మంచిగనే నడుస్తది. ఇది కూడా అదేనా?

ఫిజియో_సుధ (కరీంనగర్)

అదే కోవలోదే తల్లీ. ఎక్కువసేపు పూర్తిగా వంగి ఉంటే వెన్నెముక వెనకాల ఉన్న లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) కొద్దికొద్దిగా సాగుతాయి. బాగా వంగినప్పుడు నడుము కండరాలు పని ఆపేసి బరువు ఆ లిగమెంట్ల మీద వదిలేస్తాయి కూడా. అలా సాగిన తర్వాత కొంతసేపు నడుము ఏ కోణంలో ఉందన్న అంచనా తప్పుతుంది, కండరాలు స్పందించడం ఆలస్యమవుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే మీ అమ్మ తడి ఒడ్డు ఎక్కుతోంది, పైగా చంకలో నారుకట్ట.

పని మానమని నేను చెప్పలేను, చెప్పినా జరగదు. ముఠాలో అందరూ ఒక వరుస అయ్యాక నిలబడి నాలుగైదు ఊపిర్లు తీసుకుని, రెండు చేతులూ నడుం మీద పెట్టి వెనక్కి వంగి మళ్లీ మొదలుపెడితే చాలు. లేచిన వెంటనే ఒడ్డు ఎక్కకుండా మడిలోనే పది అడుగులు వెయ్యాలి. ఒడ్డు ఎక్కేటప్పుడు చేతిలో బరువు ఉండొద్దు, ముందు నారుకట్ట ఒడ్డు మీద పెట్టి తర్వాత మనిషి ఎక్కాలి. వయసెంత? యాభై దాటితే షుగర్, బీ12 కూడా ఒకసారి చూపించు.

మిర్యాలగూడ_బిడ్డ

యాభై రెండు. చూపిస్తా అక్కా. వెనక్కి వంగుమంటే ముఠాల వాళ్లు నవ్వుతరంట.

పెద్దాయన_72

నాది వేరే రకం. నిలబడితే, నడిస్తే కాళ్లు బరువెక్కి తూలుతాను. కూర్చుంటే పోతుంది. అమెరికాలో అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు సూపర్‌మార్కెట్‌లో తోపుడు బండి మీద వాలి గంటసేపు తిరిగాను, ఏమీ కాలేదు. ఇంటి ముందు వీధి చివరిదాకా మాత్రం నడవలేను. ఇది కూడా ఈ బ్యాలెన్స్ సమస్యేనా?

నైట్_డ్యూటీ_డాక్టర్

పెద్దాయన గారూ, బండి మీద వాలితే హాయిగా ఉండడం చాలా మంచి క్లూ. ముందుకు వంగితే వెన్నులో నరాలు వెళ్లే దారి కాస్త వెడల్పవుతుంది. నడుము కాలువ ఇరుకు, అంటే లంబార్ స్టెనోసిస్ అయ్యుండే అవకాశం ఎక్కువ. అందులో కాళ్లు ఎడం చేసి నడవడం, కళ్లు మూస్తే తూలడం కూడా చూస్తాం. కాళ్లకు రక్తం అందకపోయినా నడిస్తే ఇలాగే అనిపిస్తుంది కాబట్టి పాదాల్లో నాడి కూడా చూపించుకోండి. మీరు ఇంటర్నెట్ వ్యాయామాల జోలికి వెళ్లకుండా ముందు న్యూరో లేదా స్పైన్ డాక్టర్‌కి చూపించుకోండి.

గోదావరి_మాస్టారు (కొవ్వూరు)

కొంచెం ఆలస్యంగా రాస్తున్నాను, పరీక్ష పేపర్లు దిద్దే పని పడింది. డాక్టర్ గారిని కలిశాను. కంపనం పరీక్ష అడిగితే వింతగా చూశారు గానీ చేశారు, బాగానే తెలుస్తోంది. రాత్రి మాత్ర మెల్లగా తగ్గిస్తున్నారు. మత్తు తగ్గింది, పొద్దున్నే లేచినప్పుడు తూలడం తగ్గింది. కళ్లు మూస్తే మాత్రం ఇంకా ఉంది, కాస్త తక్కువ.

సుధ గారు రాసిన "బిగుసుకుపోవడం" చదివాక క్లాసులో గమనించుకున్నాను. బోర్డు మీద రాసేటప్పుడు కూడా ఊపిరి బిగబట్టి నిలబడుతున్నాను! ఇంట్లో చేసుకోదగ్గవి ఏమైనా చెప్తారా? ఎమ్మారైలో బల్జ్ ఉంది కదా, ఏమైనా అవుతుందని భయం.

బ్రిస్బేన్_అమ్మాయి

బల్జ్ గురించి ఒక్క అంకె చెప్తాను. నడుము నొప్పి అసలు లేనివాళ్ల స్కాన్లు 3,110 మందివి కలిపి 2015లో లెక్కేశారు. నలభై ఏళ్లవాళ్లలో సగం మందికి, యాభై ఏళ్లవాళ్లలో 60 శాతం మందికి బల్జ్ ఉంది. నొప్పి లేకుండానే!

ఫిజియో_సుధ (కరీంనగర్)

చెప్తాను. ముందు షరతులు: బాత్‌రూములో వద్దు, సాక్సులతో వద్దు, రెండు గోడలు కలిసే మూలలో వీపు మూల వైపు ఉండాలి, ముందు ఒక కుర్చీ. పడబోతే ఎటు చూసినా ఆసరా దొరకాలి.

మొదట రెండు పాదాలు దగ్గరగా, కళ్లు తెరిచి. ఊపిరి మామూలుగా ఆడుతోందా, దవడ బిగుసుకుందా చూసుకోండి. ఊరికే నిలబడకుండా పదమూడో ఎక్కం చెప్పుకోండి, లెక్కల మాస్టారు కాబట్టి వెనక్కి చెప్పుకోండి. మనసు వేరే పనిలో పడితే కొందరిలో ఆ అతి జాగ్రత్త సడలి శరీరం తన పని తాను చేసుకుంటుంది. అది తేలికయ్యాక ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్ల ముందు. అదీ కుదిరాక తల కుడి ఎడమలకు తిప్పుతూ. ఆ తర్వాతే ఒంటికాలు. కళ్లు మూయడం, మడత పెట్టిన దుప్పటి మీద నిలబడడం చివరికి. రెండూ ఒకేసారి వద్దు. ఒక్కోటి అర నిమిషం, మూడు నాలుగు సార్లు. కాస్త తూలాలి, అస్సలు తూలకపోతే అది మీకు తేలికైపోయిందని అర్థం.

వీటితో పాటు తుంటిని కదిలించేవి కావాలి. గోడకు జానెడు దూరంలో వెనక్కి తిరిగి నిలబడి, నమస్కారం పెట్టినట్టు ముందుకు వంగుతూ పిరుదులతో గోడను తాకి రావాలి. రెండు చేతులతో బంతి విసిరి పట్టుకోవాలి, పిల్లలుంటే వాళ్లతో ఆడండి.

నొప్పి కొంచెం పెరిగి మర్నాటికల్లా మామూలైతే ఫరవాలేదు. కాల్లోకి లాగుతూ పెరుగుతూ పోతే ఆపి చూపించుకోండి.

అనుమానాల_రావు

ఈ బ్యాలెన్స్ వ్యాయామాలు మామూలు వ్యాయామాల కంటే గొప్పవని నిరూపణ ఉందా?

ఫిజియో_సుధ (కరీంనగర్)

నొప్పి తగ్గించడంలో గొప్పవని చెప్పలేను. పొట్ట కండరాలను విడిగా ఆడించే మోటార్ కంట్రోల్ వ్యాయామాలను మిగతా వ్యాయామాలతో పోల్చి, వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్లు 2016లో చూశారు, పెద్ద తేడా లేదు. మనిషి ఏది మానకుండా చేస్తాడో అదే మంచి వ్యాయామం. అయితే మాస్టారి బాధ నొప్పి కాదు, తూలడం. తూలడం తగ్గాలంటే తూలే పరిస్థితిలోనే అభ్యాసం చెయ్యాలి, పడుకుని చేసే వ్యాయామాలతో అది రాదు.

ఒట్టి నడకకు కూడా విలువుంది. ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన పరిశోధన 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. నొప్పి తగ్గినవాళ్లను ఫిజియో సలహాతో నడిపిస్తే మళ్లీ నొప్పి రావడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, నడిపించని వాళ్లకి 112.

తెనాలి_శ్రీను

నడకైతే నాకూ ఓకే. బెల్టుతో నడవొచ్చా?

ఫిజియో_సుధ (కరీంనగర్)

నడవండి. నడిచే రోజుల్లో ఒకరోజు బెల్టు మర్చిపోండి.

గోదావరి_మాస్టారు (కొవ్వూరు)

ఒక్క ప్రశ్న, ఇది ఆఖరు. దసరా సెలవుల్లో అలిపిరి నుంచి నడిచి వెళ్లాలని మొక్కు. 3,550 మెట్లు. ఎక్కగలనంటారా?

ఫిజియో_సుధ (కరీంనగర్)

ఎక్కడం కంటే దిగడం కష్టం మాస్టారూ, బ్యాలెన్స్‌కి పరీక్ష అక్కడే. ఎక్కేటప్పుడు మనిషి ముందుకు వాలి ఉంటాడు. దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ ఒంటికాలి మీద బరువు ఆపుకుని కిందికి దించాలి, అప్పటికి కాళ్లు అలసిపోయి ఉంటాయి. అందుకని ఎక్కండి, దిగడం బస్సులో. మీ స్కూలు మేడ మెట్లు రోజూ రెండుమూడు సార్లు ఎక్కి దిగుతూ ఉండండి, రెయిలింగ్ పట్టుకోకుండా పక్కనే చెయ్యి ఆనించి. తెల్లవారుజామున చీకట్లో బయల్దేరకండి, మీకు కళ్ల సాయం ఇంకా కావాలి. మెట్ల మీద ఎవరైనా కర్పూరం వెలిగిస్తూ వంగి ఉంటే దాటెయ్యడానికి తొందరపడకుండా ఒక పక్కకు ఆగండి.

తెనాలి_శ్రీను

బస్సులో సీటు దొరకాలి కదా మేడమ్, లేకపోతే ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లో నిలబడాలి మాస్టారు.

గోదావరి_మాస్టారు (కొవ్వూరు)

సీటు దొరికేదాకా ఇంకో బస్సు కోసం ఆగుతాను శ్రీను గారూ. మీరూ రండి, బెల్టు షాపులో పెట్టి.